డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు

గోదావరీ ప్రాంతమందలి భీమవరమున 1895 జనవరి 12వ తేదీన సుబ్బారావుగారు జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. లేమిలో పెరిగిన ఈ బాలుడు మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించినందులకు ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసివచ్చెను. ఇరువురు సోదరులు గ్రహణివ్యాధిచే కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. ఆయనకును ఆ వ్యాధియే సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనిరి. పిమ్మట మామగారి తోడ్పాటుతోను, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ప్రోత్సాహముతోను భార్య శేషగిరిగారిని ఇంట విడిచి అమెరికా చేరిరి. బోస్టనులో రాత్రులు ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడిగి పొట్ట పోసికొనుచు హార్వర్డున చదివిరి.

కండరములకు శక్తి చక్కెరనుండి పుట్టు లాక్టిక్ ఆమ్లముద్వారా లభించునని ఆకాలమున పండితులు తలచుచుండిరి. సుబ్బారావుగారు ఫిస్కుగారితో కలసి, రక్తమూత్రములందలి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ సాధనముతోనే 1927లో కండరములందు ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొనిరి. జర్మనీలో లోమన్‌గారును అదే యేట ఏ.టి.పి.ని స్వతంత్రముగా కనుగొనిరి. పాత సిద్ధాంతము వీగిపోయెను.

మనము తిను అన్నము చక్కెరయై రక్తమున చేరును. కణములు ఆ చక్కెరను, క్రొవ్వును దహించి ఏ.టి.పి.ని తయారుచేయును. గుండెలో దాని నిల్వ కొన్ని క్షణములకే చాలును; కావున ఎడతెగక తయారు కావలెను. ఫాస్ఫోక్రియాటిన్ దానికి అండ. మధుమేహమున గుండె చక్కెరను చక్కగా వాడుకొనజాలక క్రొవ్వుపై ఆధారపడి, అదే పనికి అధిక ప్రాణవాయువును కోరును. రక్తనాళములును చెడును. అందుచేతనే మధుమేహులకు హృద్రోగభయము ఇంచుమించు రెండింతలు. వృద్ధులలో నొప్పి తెలియకయే గుండెపోటు రావచ్చును. మందులతో చక్కెరను మితిమీరి తగ్గించుటయు వారికి ప్రమాదకరమే.

హార్వర్డున తగిన పదవి లభింపక 1940లో లెడర్లీ సంస్థలో చేరిరి. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, రక్తపు క్యాన్సరునకు అమినాప్టెరిన్, 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. పేరుకొరకు ఆయన ఏనాడును ప్రాకులాడలేదు.

1948 ఆగస్టులో న్యూయార్కునందు గుండెపోటుచే ఆకస్మికముగా మరణించిరి. అప్పటికి వయస్సు 53 సంవత్సరములే. గుండెను నడపు శక్తిమూలమును వెదకిన మహనీయుని గుండె అట్లు ఆగెను. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. శేషగిరిగారు ఆయనను మరల చూడనేలేదు. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించెను.

గుఢియారీవంటి చోట్ల ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబములు ఆయన పట్టుదలను స్మరించుటయేగాక, ఇంటి పెద్దల రక్తమందలి చక్కెరను, రక్తపుపోటును వేళకు పరీక్షింపించుట ఆయనకు సముచితమైన నివాళి.