ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు

మన సీమలో వాన తప్పిన యేఁట బావులతోపాటు మనుష్యుల యోరిమియు నడుగంటును. పశువులకు మేఁత లేక, అప్పు తీఱక, తండ్రి విసుగు తల్లిమీఁదను, తల్లి విసుగు బిడ్డమీఁదను బడుట మన మెఱిఁగినదే. ఇట్టి సీమలోనే పుట్టి, కోపము కుటుంబము నెట్లు కూల్చునో రంగస్థలముపైఁ జూపిన గ్రంథకర్త చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనఁదగినది.

రామకృష్ణమాచార్యులవారు 1853వ సంవత్సరమున ధర్మవరమునందు జన్మించిరి. అప్పుడా యూరు బళ్లారి జిల్లాలోనిది. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా యయ్యెను. 2022 నుండి ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరియున్నది. ఆయన సంస్కృతాంధ్రములయందును కన్నడమునందును పాండిత్యము సంపాదించి, ఇంగ్లీషు విద్యయు నభ్యసించి, బళ్లారిలో వకీలుగా జీవించిరి. ఆయన యౌవనముననే, 1876 మొదలు 1878 వఱకు, మహాక్షామము ఈ దత్తమండలములను బీడించెను. జనులు గింజలకై యూళ్లు విడిచిపోయిన దినము లవి.

ఆ క్షామము గడచి పదేండ్లు నిండకమునుపే, 1887లో, ఆయన రచించిన చిత్రనళీయము బళ్లారిలోఁ బ్రదర్శింపఁబడెను. సరసవినోదినీ సభ యను నాటకసమాజమును స్థాపించి, నాటకములు వ్రాయుటయే గాక తామే వేషములు ధరించిరి. పద్యములకును వచనమునకును తోడుగాఁ బాటలను గూర్చి సుమారు 30 నాటకములు రచించిరి. లోకులు వారిని ఆంధ్రనాటకపితామహుఁడని గౌరవించిరి. అదే పట్టణమున మఱియొక వకీలైన కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపిరి. ఇరువురి పోటీవలన బళ్లారికి నాటకకీర్తి గలిగెను. ఆచార్యులవారి మేనల్లుఁడును, తాడిపత్రిలో జన్మించినవాఁడును నగు రాఘవ తరువాతి కాలమున మహానటుఁడయ్యెను.

వారి నాటకములలో రెండు మన విషయమునకు ముఖ్యములు. మొదటిది విషాదసారంగధర. రాజమహేంద్రవర ప్రభువగు రాజరాజనరేంద్రుఁడు, చిత్రాంగి మోపిన నిందను నమ్మి, కన్నకొడుకును విచారింపకయే కాలుసేతులు నఱుకుఁడని యాజ్ఞాపించెనని కథ. ఇది కథయే గాని శాసనములు చెప్పు చరిత్రము గాదు. నాటకము శుభాంతముగా నుండవలెనని సంస్కృత మర్యాద. ఆచార్యులవారు దానిని దాఁటి దుఃఖముతోనే ముగించిరి. కావున దీనిని తెలుఁగున మొదటి విషాదాంతనాటకమని విమర్శకులు పేర్కొందురు. నిజము తెలియునప్పటికి ఆజ్ఞ నెఱవేఱియుండెను. పశ్చాత్తాపము తెగిన చేతిని మరల నతికింపదు.

రెండవది చిరకారి. ఈ కథకు మూలము మహాభారతమున శాంతిపర్వములోనిది. గౌతముఁడు భార్యపైఁ గోపించి, ఆమెను వధింపుమని కొడుకున కాజ్ఞాపించి యడవికిఁ బోయెను. ఏ పనినైనను చిరకాల మాలోచించి చేయువాఁడు గనుక ఆ కొడుకునకుఁ జిరకారి యని పేరు. తండ్రిమాట యొకవైపు, తల్లిప్రాణ మొకవైపు నుండఁగా వాఁడు తలపోయుచు నిలిచెను. ఈలోపల తండ్రి కోపము చల్లాఱెను. కన్నీటితో నింటికిఁ బరుగెత్తివచ్చి, భార్య బ్రతికియుండుటఁ జూచి కొడుకును కౌఁగిలించుకొనెను.

ఇద్దఱు తండ్రులకును కోపము సమానమే. ఒకని యింట ఆజ్ఞకును క్రియకును నడుమ ఎడము లేదు. రెండవవాని యింటఁ గలదు. ఆ యెడమే ప్రాణము నిలిపెను. రోమను తత్త్వవేత్తయగు సెనెకా కోపమునకు ఆలస్యమును మందుగాఁ జెప్పియున్నాఁడు గదా!

ఈ పాఠము నే నాలస్యముగా నేర్చితిని. ఒక కఱవు సంవత్సరమున వరుసగా మూఁడు దినములు ఆలస్యముగా వచ్చిన బాలుని, కారణ మడుగక, తోడివారియెదుట నిందించి తరగతి వెలుపల నిలువఁబెట్టితిని. జబ్బుపడిన తల్లికి బదులుగా దూరపు బావినుండి నీళ్లు మోసి వచ్చుచున్నాఁడని సాయంకాలమునఁ దెలిసెను. మఱునాఁడు తరగతియెదుటనే వానిని క్షమింపుమని వేఁడుకొంటిని. వాఁడు తల యూఁచెను గాని, తరువాత చాలదినములు నా ముఖము చూడలేదు. ఒక్క ప్రశ్న యడుగుటకు నిమిషము పట్టదు. అడుగక చేసిన గాయము మానుటకు నెలలు పట్టెను.

ఆచార్యులవారు 1912లోఁ బరమపదించిరి. నాఁడు వారు నాటకములాడిన బళ్లారి నేఁడు కర్ణాటకములో నున్నది. ఆ నాటకములు ఇప్పు డరుదుగా నాడఁబడుచున్నను, ఆ యిద్దఱు తండ్రులు మన యిండ్లలో నేఁటికిని గలరు. విద్యార్థులారా! తమ్ముఁడు మీ పుస్తకము చింపినప్పుడు, స్నేహితుఁడు మాట తప్పినప్పుడు, పెదవి కదలకమునుపు చిరకారిని దలఁచుకొనుఁడు. జరిగిన దేమో మొదట నడుగుఁడు. కోపము నిలిచియున్నచో తరువాతనైనను చూపవచ్చును. నఱికిన కొమ్మను మాత్ర మతికింపలేము.