ఫిడేలు నాయుడుగారు

ఒకప్పుడు ఆంధ్రదేశంలో ఫిడేలు నాయుడుగారంటే ఇంటిపేరు చెప్పనక్కరలేదు. ఆయనే సంగీత కళానిధి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఈ ఎడారి సీమలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలలో ఆ పేరు విన్నవారు తక్కువ. వారికోసమూ, వారి తల్లిదండ్రులకోసమూ ఈ నాలుగు మాటలు.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. పెరిగింది విశాఖపట్నంలో. చిన్ననాటినుండీ చూపు మందం. నల్లబల్ల మీది అక్షరాలు కనపడని పిల్లవాడికి బడి చదువు ఎంత కష్టమో మాబోటి బడిపంతుళ్ళకు తెలుసు. అయితే కన్ను చేయలేని పని చెవి చేసింది. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు విద్వాంసులు. ఆయనే తమ్ముడికి తొలి గురువై, ఇంట్లోనే విద్య నేర్పారు. ఆ సాధన ఏళ్ళ తరబడి సాగింది.

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలసింది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరుదామని వెళ్ళిన యువకుని వాద్యం విని, దాసుగారు ఆచార్య పదవిలోకే తీసుకున్నారని సంగీత ప్రియులు నేటికీ చెప్పుకుంటారు. అప్పటికి నాయుడుగారి వయస్సు ఇరవై ఆరేళ్ళు. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. తరువాత గాన గంధర్వుడైన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు విద్యార్థిగా వెళ్ళింది ఆ కళాశాలకే.

ఇక్కడ ఫిడేలు సంగతి కొంచెం చెప్పాలి. అది మన గడ్డ మీద పుట్టిన వాద్యం కాదు. పడమటి దేశాలనుండి ఓడలెక్కి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. అక్కడివారు నిలబడి గడ్డం కింద ఆనించుకుని వాయిస్తే, మనవారు బాసింపట్టు వేసుకుని, కొసను పాదం మీద ఆనించి, తంత్రులను షడ్జమ పంచమాలకు శృతి చేశారు. గమకం పలికించారు, జారు నేర్పించారు. పరాయి వాద్యం మన నోటి పాటను పాడింది.

అయినా నాయుడుగారి కాలానికి దాని స్థానం పక్కవాద్యమే. గాయకుని వెన్నంటి నడవాలి. ఆయన ఆగినచోట ఆ స్వరాలనే అనుసరించి వినిపించి, మళ్ళీ వెనక్కు తగ్గాలి. నాయుడుగారు మహావిద్వాంసులకు పక్కన వాయించి పేరు పొందారు. కాని ఫిడేలు ఒంటరిగానే కచేరీని మోయగలదని నమ్మి, 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు. పాట లేని కచేరీలో వర్ణం మొదలు మంగళం వరకు భారమంతా కమాను మీదే. ఆ బాట వేసినవారిలో ఆయన అగ్రగణ్యులు.

మరొక విశేషం. ఆయన పాశ్చాత్యుల ఫిడేలు వాదనాన్ని చెవియొగ్గి విన్నారు. కమాను నడకలో వారి నిండుదనాన్నీ, నాదంలో వారి శుభ్రతనూ గ్రహించారు. అయితే వాయించింది త్యాగరాజస్వామి కీర్తనలనే. నేర్చుకున్నది రాగాన్ని మార్చలేదు. రాగం మరింత స్పష్టంగా పలికింది. పొరుగింటి దీపంతో మన దీపం వెలిగించుకుంటే వెలుగు పెరుగుతుందే గాని, ఇల్లు మారదు గదా!

మద్రాసు సంగీత అకాడమీ 1941లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు నిచ్చింది. 1952లో జగద్విఖ్యాత వైలనిస్టు యెహుదీ మెనూహిన్ భారతదేశం వచ్చినపుడు, మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యం విని ముగ్ధులయ్యారు. ఎవరి దేశంనుండి ఆ వాద్యం వచ్చిందో వారి మహావిద్వాంసుడు, దానిలో తెలుగు కమాను పలికించిన నాదానికి తల ఊపాడు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1964 నవంబరు 25న నాయుడుగారు పరమపదించారు. 1993లో శతజయంతికి తపాలాశాఖ వారు ఆయన బిళ్ళను వెలువరించారు.

ఈ జీవితం నాకు ఒక తప్పును గుర్తుచేసింది. మా తాతగారు, మా నాన్నగారు బడిపంతుళ్ళు. నేనూ ఆ వృత్తిలోనే తల నెరపినాను. ఇక్కడ సాయంకాలపు తరగతిలో తెలుగు చెబుతున్నాను. ఒకసారి ఒక పిల్లవాడు వ్యాసంలో అన్నం ఖలాస్ అని రాశాడు. తెలుగులో అరబ్బీ కలుపుతావా అని పదిమందిలో గద్దించాను. ఆ పిల్లవాడు మరి రాలేదు. మరునాడు యథాప్రకారం హాజరు పట్టీ తెరిచి, తారీఖు వేసి, కలం ఆపాను. హాజరు అరబ్బీ నుండి వచ్చింది, తారీఖూ అంతే. మా తాతగారు బడిలో ఆ మాటలతోనే తెలుగు చెప్పారు. నాయుడుగారి చేతిలోని కమాను అన్న మాట పారసీ, ఫిడేలు అన్న మాట ఇంగ్లీషు!

ఆ ఇంటికి వెళ్ళి పిల్లవాణ్ణి మళ్ళీ పిలుచుకు వచ్చాను. ఇప్పుడు పరాయి మాట వచ్చినపుడు కొట్టివేయను. ఆ మాటకు ముందూ వెనుకా ఉన్న వాక్యం తెలుగు వాక్యమేనా అని చూస్తాను. క్రియ సరిగా ఉందా, విభక్తి అతికిందా అని చూస్తాను. వాక్యం మనదైతే, మాట ఎక్కడినుండి వచ్చినా మన ఇంట ఒదిగిపోతుంది.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇదే. మీ అమ్మాయి గిటారు నేర్చుకుంటానంటే వద్దనకండి. అయితే ఇంట్లో రోజూ ఒక కీర్తన వినిపించండి. నాయుడుగారు పరాయి విద్యకు భయపడలేదంటే, అన్నగారు పెట్టిన పునాది గట్టిది కనుకనే. ఆ పునాది వేయడం మన పని. దాని మీద ఏమి కట్టుకుంటారో పిల్లల ఇష్టం.