జేమ్స్ ఎస్డెయిల్

జేమ్స్ ఎస్డెయిల్ (1808 ఫిబ్రవరి 6 - 1859 జనవరి 10) ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాలులో పనిచేసిన స్కాట్లాండు శస్త్రవైద్యుడు. మత్తుమందులు వాడుకలోకి రాకముందు, రోగులను మెస్మరిజంతో నిద్రపుచ్చి వందలాది శస్త్రచికిత్సలు చేసి ప్రసిద్ధి చెందాడు. నేటి హిప్నోథెరపీకి (సమ్మోహన చికిత్స) దారి చూపినవారిలో ఈయన ఒకడు.

తొలి జీవితం

ఎస్డెయిల్ స్కాట్లాండులోని మాంట్రోజ్‌లో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఎడిన్‌బరోలో వైద్యవిద్య ముగించుకొని కంపెనీ వైద్యునిగా భారతదేశానికి వచ్చాడు. ఈయన శ్వాసకోశ వ్యాధితో బాధపడేవాడు.

హుగ్లీలో ప్రయోగాలు

ఆ రోజులలో రోగిని స్పృహలో ఉండగానే కట్టిపడవేసి కోతకోసేవారు. నొప్పి భయంతో చాలామంది శస్త్రచికిత్సకు ఒప్పుకొనేవారు కాదు. మెస్మరిజాన్ని గూర్చి ఎస్డెయిల్ పుస్తకాలలో చదివాడే గాని కంటితో చూడలేదు. 1845 ఏప్రిల్ 4న హుగ్లీలో, వరిబీజం చికిత్స తరువాత నొప్పితో విలవిలలాడుతున్న ఒక ఖైదీపై తొలిసారిగా దానిని ప్రయత్నించి సఫలుడయ్యాడు.

ఈయన పద్ధతిలో రోగిని చీకటి గదిలో పడుకోబెట్టి, శరీరానికి తగలకుండా తలనుండి కడుపు వరకు చేతులు పదేపదే ఆడించేవారు. ఇందుకు గంటలు పట్టేది కనుక ఆ పనికి స్థానిక సహాయకులకు తర్ఫీదు ఇచ్చాడు. ఎనిమిది నెలలలో 73 శస్త్రచికిత్సలు చేసినట్లు ప్రకటించాడు. బోదవ్యాధి వలన ఏర్పడే పెద్ద కణితుల తొలగింపు వీటిలో ముఖ్యమైనది.

గుర్తింపు, విమర్శలు

1846లో ప్రభుత్వం నియమించిన సంఘం ఈయన చికిత్సలను పరిశీలించింది. ఆపై కలకత్తాలో ఒక చిన్న మెస్మరిక్ ఆసుపత్రి ఏర్పడింది. 1848లో గవర్నరు జనరల్ డల్‌హౌసీ ఈయనను ప్రెసిడెన్సీ సర్జనుగా నియమించాడు. అయితే రోగులు నొప్పి లేనట్లు నటిస్తున్నారని కొందరు వైద్యులు ఆరోపించారు. ఇదే కాలంలో ఈథర్ (1846), క్లోరోఫాం (1847) వచ్చాయి. ఇవి నిమిషాలలో పనిచేయడంతో మెస్మరిజం వెనుకబడింది. తరువాతి కాలంలో హైదరాబాదులో నిజాం ప్రభుత్వ సహాయంతో ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్లు (1888, 1889) ప్రపంచ ప్రసిద్ధి పొందాయి.

చివరి రోజులు

1851లో ఎస్డెయిల్ స్వదేశానికి మరలిపోయాడు. 1859లో ఇంగ్లాండులోని సిడెన్‌హాంలో మరణించాడు.

నేటి దృష్టి

తన చేతులనుండి ఒక అయస్కాంత శక్తి ప్రవహిస్తున్నదని ఎస్డెయిల్ నమ్మాడు. ఈ నమ్మకం నిలువలేదు. ఇది రోగి మనసులో, ఏకాగ్రతలో జరిగే మార్పని సమకాలికుడైన జేమ్స్ బ్రెయిడ్ వివరించాడు. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ నొప్పి నివారణలో హిప్నాటిజం ఉపయోగాన్ని అంగీకరించింది.

డిమెన్షియా (చిత్తవైకల్యం) రోగులకు కూడా హిప్నోథెరపీ పనికివస్తుందా అన్న ప్రశ్నపై కొన్ని చిన్న పరిశోధనలు జరిగాయి. ఆందోళన తగ్గడానికి ఇది కొంత తోడ్పడవచ్చును. కాని ఈ చికిత్సకు ఏకాగ్రత, మాటను గుర్తుంచుకొనే శక్తి అవసరం. డిమెన్షియాలో క్షీణించేవి అవే. మెదడు కణాల నాశనాన్ని ఇది ఆపుతుందనడానికి ఆధారాలు లేవు. బాధను తగ్గించడం వేరు, వ్యాధిని నయం చేయడం వేరు. ఎస్డెయిల్ రోగులకు నొప్పి తెలియకపోయినా, కణితిని తొలగించింది మాత్రం శస్త్రచికిత్సే.