నాసరు: కాలువయు, ఆనకట్టయు

గమాల్ అబ్దుల్ నాసరు 1918వ సంవత్సరమున అలెగ్జాండ్రియాలో నొక తపాలా గుమాస్తా యింట జన్మించెను. 1935లో విద్యార్థిగా బ్రిటిషు వ్యతిరేక ప్రదర్శనమున బాల్గొని, పోలీసుల కాల్పులలో తలకు గాయపడెను. 1952 జూలై 23న తోడి సేనాధికారులతో గూడి రాచరికమును గూలద్రోసెను.

విద్యుచ్ఛక్తియు పరిశ్రమలును లేని స్వాతంత్ర్యము నామమాత్రమని యాతని నిశ్చయము. నైలునదిపై ఆస్వాను ఆనకట్టకు ధనసాహాయ్యము చేసెదమన్న అమెరికా, బ్రిటనులు 1956 జూలైలో మాట తప్పెను. వారము దినములకే, 26వ తేదీన, నాసరు సూయజు కాలువను జాతీయము గావించెను. దాని రాబడితో ఆనకట్ట గట్టుట యాతని సంకల్పము. ఐరోపాకు బోవు నూనె యోడలకు ఆ కాలువయే రాజమార్గము. ఇజ్రాయేలు, బ్రిటను, ఫ్రాన్సు దండెత్తెను గాని, అమెరికా, రష్యాల యొత్తిడికి లోబడి మరలిపోయెను. 1960లో రష్యా సాహాయ్యమున నారంభమైన నిర్మాణము 1970లో ముగిసెను. దాని విద్యుదుత్పత్తి సామర్థ్యము 2,100 మెగావాట్లు. నూబియనుల గ్రామములు నీట మునుగగా, వేలాది జనులు ఇల్లువాకిళ్లను గోలుపోయిరి.

ఈ కీర్తికి కళంకము లేకపోలేదు. రాజకీయ పక్షములను రద్దుచేసి, ప్రతిపక్షులను చెరసాలల నుంచెను. 1967 యుద్ధమున సైనాయి నూనెబావులు శత్రుహస్తగతము లయ్యెను. 1970 సెప్టెంబరు 28న నాసరు మరణింపగా, కైరో వీథులలో లక్షలాది జనులు విలపించిరి. దేశసంపదను పరులనుండి విడిపించిన యా నాయకుడు, రాజ్యాధికారమును మాత్రము తన ప్రజల కప్పగింపలేదు. ఆతని చరిత్రమును జదువువారు ఈ రెంటిని గూడ గుర్తుంచుకొనవలెను.