ఆడపిల్లల విక్రయాన్ని మూలంలోనే అడ్డుకున్న వైద్యురాలు ముత్తులక్ష్మి రెడ్డి

ఐక్యరాజ్యసమితి పిలుపు మేరకు ఏటా జులై 30న ప్రపంచ మానవ అక్రమ రవాణా వ్యతిరేక దినం పాటిస్తున్నారు. 1886లో అదే తేదీన పుదుక్కోట్టై సంస్థానంలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి జన్మించారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కళాశాల ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబానికి చెందినవారు. దేవుని పేరిట బాలికలను అంకితం చేసే ఆచారం వారిని చివరకు ఎక్కడికి చేర్చేదో ఆమె దగ్గరగా ఎరిగినవారు.

పుదుక్కోట్టై మహారాజా కళాశాలలో తొలి విద్యార్థినిగా చేరిన ఆమె, 1912లో మద్రాసు వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. తనను సమానురాలిగా గౌరవించాలన్న షరతుతో 1914లో డాక్టర్ సుందర రెడ్డిని వివాహమాడారు.

1927లో మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలిగా అడుగుపెట్టి, ఉపాధ్యక్ష పదవికి ఎన్నికయ్యారు. వ్యాధికి మూలం వెదికే వైద్యుల పద్ధతి ఆమె శాసనాల్లోనూ కనిపిస్తుంది. ఆలయ సేవకు ప్రతిఫలంగా దేవదాసీలకు ఇనాం భూములుండేవి. సేవ మానితే భూమి పోతుంది. ఆ భయంతోనే కుటుంబాలు మరో బాలికను అంకితం చేసేవి. 1929 నాటి చట్టం భూమికీ సేవకూ ఉన్న ఆ ముడిని తెంచింది. మరుసటి ఏడాది వ్యభిచార గృహాలను, ఆడపిల్లల వ్యాపారాన్ని అణచే చట్టం వచ్చింది.

వ్యతిరేకత తక్కువేమీ కాదు. సంప్రదాయవాదులతో పాటు, జీవనోపాధి, కళ రెండూ పోతాయని దేవదాసీలలో కొందరు కూడా ప్రభుత్వానికి విజ్ఞాపనలు పంపారు.

చట్టం ఒక్కటే చాలదని 1930లో తేలింది. దేవదాసీ జీవితం వద్దని బయటకు వచ్చిన బాలికలకు కులాల వారీ వసతి గృహాలు తలుపులు మూశాయి. ముత్తులక్ష్మి వారిని తన ఇంటికి చేర్చుకున్నారు. అదే అవ్వై హోమ్‌గా రూపుదిద్దుకుంది. తిండి, నీడ, చదువు, చేతిపని దొరికిన బాలిక మళ్లీ దళారుల చేతిలో పడే అవకాశం తగ్గుతుంది. ప్రజారోగ్య నిపుణులు నేడు చెబుతున్న ముందస్తు నివారణ, పునరావాసం అక్కడ అప్పుడే ఆచరణలో ఉన్నాయి.

గాంధీజీ అరెస్టుకు నిరసనగా 1930లోనే ఆమె మండలి సభ్యత్వాన్ని వదులుకున్నారు. అంకితాన్ని నిషేధించే మద్రాసు చట్టం 1947లో గానీ రాలేదు. నాడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలకూ అది వర్తించింది. ఆంధ్రప్రదేశ్ 1988లో సొంత చట్టం చేసుకోవలసి రావడం ఆ దురాచారం ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుపుతుంది.

క్యాన్సర్‌తో చెల్లెలిని కోల్పోయిన ఆమె 1954లో అడయార్‌లో క్యాన్సర్ ఆసుపత్రిని నెలకొల్పారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1968 జులై 22న కన్నుమూశారు. తమిళనాడులో పేద గర్భిణులకు అందే ప్రభుత్వ ఆర్థిక సాయం నేటికీ ఆమె పేరుతోనే కొనసాగుతోంది.