పాలీక్రటీస్ ఉంగరం, యూపలినోస్ సొరంగం

పైథాగరస్ పేరు వినగానే మనందరికీ లంబకోణ త్రిభుజం గుర్తొస్తుంది. ఆయన పుట్టిన సామోస్ దీవి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. గ్రీసుకు చెందినదే అయినా, ఇప్పటి టర్కీ తీరానికి రెండు కిలోమీటర్ల దూరం కూడా లేదు. పైథాగరస్ యువకుడిగా ఉన్న రోజుల్లో ఆ దీవిని ఏలినవాడి పేరు పాలీక్రటీస్. ఈ వ్యాసం అతని గురించి. అతని గురించి చదవడం మొదలుపెట్టాక, రాజు కన్నా అతని ఊరి నీళ్ళ గొట్టమే నన్ను ఎక్కువ పట్టుకుంది. అందుకని ఇద్దరి కథా కలిపే చెబుతాను.

సుమారు క్రీ.పూ. 538లో పాలీక్రటీస్ తన ఇద్దరు అన్నదమ్ములతో కలిసి సామోస్‌ను చేజిక్కించుకున్నాడు. మొదట ముగ్గురూ పంచుకున్నారు. కొన్నాళ్ళకే ఒకణ్ణి చంపించాడు, సిలోసన్ అనే రెండోవాణ్ణి దేశం నుంచి తరిమేశాడు. మిగిలింది ఒక్కడే. తర్వాత ఏభై తెడ్ల నావలు వంద, విలుకాళ్ళు వెయ్యిమంది సమకూర్చుకుని చుట్టుపక్కల సముద్రమంతా దోచుకోవడం మొదలుపెట్టాడు. శత్రువులనీ మిత్రులనీ తేడా లేదు. మిత్రుడి సొత్తు ముందు లాక్కుని తర్వాత తిరిగిచ్చేస్తే వాడు ఎక్కువ సంతోషిస్తాడన్నది అతని లెక్క!

అలాగని ఒట్టి దోపిడీదారు అనుకోకండి. అనాక్రియాన్ లాంటి కవులు అతని కొలువులో ఉండేవారు. గ్రీకుల్లో పేరున్న వైద్యుడు డెమొసిడీస్‌ని జీతమిచ్చి తెచ్చుకున్నాడు. పైథాగరస్ మాత్రం ఈ పాలన భరించలేక ఊరు విడిచి ఇటలీ వైపు వెళ్ళిపోయాడని చెబుతారు.

అతని గురించి అందరికీ తెలిసిన కథ ఉంగరం కథ. చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పాడు. ఇతని అదృష్టం చూసి ఈజిప్టు రాజు అమాసిస్‌కి భయమేసిందట. ఇంత అదృష్టం దేవతలకు కన్నెర్ర తెప్పిస్తుంది, నీకు అన్నిటికన్నా ఇష్టమైనదేదో నువ్వే పోగొట్టుకో అని కబురు పంపాడు. పాలీక్రటీస్ నావలో వెళ్ళి, బంగారంలో పొదిగిన పచ్చ ఉంగరాన్ని సముద్రంలో పడేశాడు. ఐదారు రోజులకు ఓ జాలరి రాజుగారికి తగినదని పెద్ద చేపను కానుకగా తెచ్చాడు. కోసి చూస్తే కడుపులో అదే ఉంగరం. శకుంతల కథ విన్నవాళ్ళం మనం, చేప కడుపులో ఉంగరం మనకు కొత్త కాదు. అక్కడ దొరికిన ఉంగరం విడిపోయినవాళ్ళను కలిపింది, ఇక్కడ స్నేహాన్ని తెంచేసింది. వీడికి చెడ్డకాలం తప్పదని అమాసిస్ దూరం జరిగాడట.

అసలు రాజకీయం వేరేలా ఉంది. పర్షియా రాజు కాంబైసిస్ ఈజిప్టు మీదికి వెళ్తుంటే, పాలీక్రటీస్ పాత మిత్రుణ్ణి వదిలేసి అతనికి 40 నావలు పంపాడు. వాటిలో ఎక్కించింది ఎవరిని? తన మీద తిరగబడతారని అనుమానం ఉన్న సొంత జనాన్ని. తిరిగి పంపొద్దని రహస్యంగా చెప్పాడు కూడా. వాళ్ళు తప్పించుకుని వెనక్కి వచ్చారు, స్పార్టా సైన్యాన్ని తోడు తెచ్చుకున్నారు. అప్పుడతను ఊళ్ళో మిగిలినవాళ్ళ భార్యాబిడ్డలను నావల షెడ్లలో పెట్టి, ఎవరైనా ఎదురుతిరిగితే షెడ్లతో సహా తగలబెట్టేందుకు సిద్ధమయ్యాడు. స్పార్టావాళ్ళు 40 రోజులు ముట్టడించి, లాభం లేక వెళ్ళిపోయారు.

ముట్టడి అన్నాను కదా, సొరంగం కథ మొదలయ్యేది అక్కడే. ఊరు కొండకు దక్షిణాన, మంచి ఊట కొండకు ఉత్తరాన, కోటగోడ బయట. శత్రువు ఒక్క కాలువ తెంచితే చాలు, ఊరు గొంతెండి లొంగిపోతుంది. అందుకని నీళ్ళను ఎవరికీ కనపడకుండా నేలలోపల నడిపించి, కొండను తొలిచి ఊళ్ళోకి తేవాలనుకున్నారు. ఈ పనిని మామూలుగా పాలీక్రటీస్ కాలానికే ముడిపెడతారు. అతనికి కాస్త ముందే మొదలైందనే పండితులూ ఉన్నారు. చేసినవాడి విషయంలో మాత్రం అనుమానం లేదు. మెగారా ఊరివాడు, నౌస్ట్రోఫోస్ కొడుకు యూపలినోస్.

సొరంగం పొడవు 1036 మీటర్లు. ఎత్తు, వెడల్పు దాదాపు 1.8 మీటర్లు. గట్టి సున్నపురాయిని సుత్తి, ఉలితో కొట్టుకుంటూ వెళ్ళడమే. ఒకవైపు నుంచే తవ్వితే ఎప్పటికి తేలేను? అందుకని రెండు చివరల నుంచీ ఒకేసారి మొదలుపెట్టించాడు. థియోడొలైట్ లేదు, టోటల్ స్టేషన్ లేదు, దిక్సూచి కూడా లేదు.

సర్వే ల్యాబ్‌లో కష్టాలు పడ్డవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చదవండి. యూపలినోస్ సొరంగం నేలను దాదాపు సమమట్టంగా ఉంచాడు. దానివల్ల రెండు జట్లూ ఒకే ఎత్తులో ముందుకెళ్తాయి. మరి నీళ్ళు పారాలంటే వాలు కావాలి కదా? దానికి సొరంగం నేలలోనే ఓ పక్కగా ఇంకో లోతైన కాలువ తవ్వించి, అడుగున మట్టి గొట్టాలు పరిపించాడు. ఆ కాలువ ఉత్తరాన సుమారు 4 మీటర్ల లోతు, దక్షిణాన 8 మీటర్లకు పైనే.

ఉత్తరం వైపు మధ్యలో రాయి బలహీనంగా తగిలింది. గీత వదిలి పక్కకు తప్పుకుని, త్రిభుజంలా చుట్టి మళ్ళీ దారిలోకి వచ్చాడు. ఇక అసలు భయం చివర్లో. రెండు సొరంగాలూ పక్కపక్కనే సమాంతరంగా వెళ్ళిపోతే ఎప్పటికీ కలవవు. అందుకని కలిసే చోటు దగ్గరపడగానే వాటిని వంకర తిప్పించాడు. ఒక గీత ఇంకో గీతకు అడ్డంగా వస్తే కలవక తప్పదు. ఎత్తులో తేడా వస్తుందేమోనని ఒకవైపు పైకప్పును ఎత్తించాడు, రెండోవైపు నేలను దింపించాడు. ఎత్తు విషయంలో ఆ జాగ్రత్త అవసరమే పడలేదు. తప్పు జరగదని నమ్మి కూర్చోలేదు, జరిగినా పని చెడకుండా ముందే చూసుకున్నాడు. మనం ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అని ఫార్ములా బట్టీ పడుతున్నది దీన్నే.

కొండను తొలిచిన చేతులెవరివో ఎక్కడా రాయలేదు. ఊరి గోడ చుట్టూ కందకం తవ్వింది మాత్రం యుద్ధంలో పట్టుబడ్డ లెస్బోస్ దీవివాళ్ళని హెరొడోటస్ రాశాడు, సంకెళ్ళతోనే తవ్వారట. ఆ దీవి కట్టడాల గొప్పదనం చదివే ప్రతిసారీ నాకు ఈ ముక్క అడ్డం పడుతుంది.

ఓడలు బళ్ళయ్యే రోజు పాలీక్రటీస్‌కీ వచ్చింది. సార్డిస్‌లో ఉండే పర్షియా అధికారి ఒరోయిటీస్, తన ఖజానాలో భాగమిస్తానని ఆశపెట్టి పిలిచాడు. ముందు చూసిరమ్మని పంపిన కార్యదర్శి మయాండ్రియస్‌కి ఎనిమిది పెట్టెల నిండా రాళ్ళు పోసి, పైన పలచగా బంగారం పరిచి చూపించారు. అతను నమ్మేశాడు. పాలీక్రటీస్ కూతురికి పీడకల వచ్చి, వెళ్ళొద్దని కాళ్ళావేళ్ళా పడింది. నేను క్షేమంగా తిరిగొస్తే నీకు చాలాకాలం పెళ్ళి చెయ్యనని బెదిరించి ఓడెక్కాడు తండ్రి. సుమారు క్రీ.పూ. 522లో మాగ్నీషియాలో అతన్ని చంపి, శవాన్ని కొయ్యకు వేలాడదీశారు.

హేరా దేవతకు అతని కాలంలో లేచిన మహాలయం ఎన్నటికీ పూర్తి కాలేదు. ఇప్పుడక్కడ ఒకే ఒక్క స్తంభం నిలబడి ఉంది. యూపలినోస్ నీళ్ళు మాత్రం సుమారు 1100 ఏళ్ళు పారాయి. తర్వాత మట్టి పూడుకుపోయి మరుగునపడితే, 19వ శతాబ్దంలో వెతికి పట్టుకున్నారు. 1971-73లో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్తలు మొత్తం శుభ్రం చేయించారు. 1992లో యునెస్కో ఆ ఊరి శిథిలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సొరంగంలో కొంత దూరం ఇప్పుడు ఎవరైనా నడిచి రావచ్చు.

ఆ ఊరిని ఇవాళ పైథాగోరియో అంటారు. పాలన నచ్చక వెళ్ళిపోయినవాడి పేరే ఊరికి మిగిలింది, ఏలినవాడిది కాదు. యూపలినోస్ గురించి హెరొడోటస్ రాసింది తండ్రి పేరు, సొంత ఊరు, చేసిన పని, అంతే. ఆ పని పేరు చెప్పుకుని, రెండున్నర వేల ఏళ్ళ తర్వాత ఓ ఇంజనీరింగ్ కాలేజీ పత్రికలో నేను అతని గురించి ఇంత రాశాను.