ఆర్వెల్‌కు అందినా పడని మందు

జార్జ్ ఆర్వెల్ పేరు మీరు వినే ఉంటారు. ‘యానిమల్ ఫామ్’ రాసిన ఇంగ్లిష్ రచయిత. అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. పుట్టింది మన బిహార్‌లోని మోతీహారిలో, 1903లో. ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడే తల్లి ఇంగ్లండ్ తీసుకెళ్లిపోయింది. చిన్నప్పటి నుంచీ ఛాతీ జబ్బులే. పెద్దయ్యాక బర్మాలో పోలీసు ఉద్యోగం, స్పెయిన్ యుద్ధంలో గొంతులో తూటా, వీటికి తోడు విడవని సిగరెట్టు.

1945లో భార్య చనిపోయింది. పెంచుకున్న చంటి కొడుకుతో స్కాట్లాండ్‌లోని జురా దీవికి వెళ్లి ‘1984’ నవల మొదలుపెట్టాడు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం... మీకు తెలిసిన లక్షణాలే. ఆయన మాత్రం పుస్తకం అయ్యాక చూద్దాంలే అనుకున్నాడు. 1947 డిసెంబరులో గ్లాస్గో దగ్గరి హెయిర్‌మైర్స్ ఆసుపత్రిలో చేరేసరికి క్షయ బాగా ముదిరిపోయింది.

అప్పటికి స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టి నాలుగేళ్లే. బ్రిటన్‌లో దొరకదు. ఆయన మిత్రుడు, పత్రికా సంపాదకుడు డేవిడ్ ఆస్టర్ పూనుకుని, ఆరోగ్య మంత్రి అనుమతితో అమెరికా నుంచి తెప్పించాడు. 1948 ఫిబ్రవరిలో రోజుకో గ్రాము చొప్పున ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అక్కడి డాక్టర్లకూ ఆ మందు కొత్తే.

కొన్ని వారాలకు ఒళ్లంతా ఎర్రబడి దద్దుర్లు లేచాయి. చర్మం పొట్టు రాలింది. నోట్లో పుండ్లు పడి అన్నపానాలు కష్టమయ్యాయి. జుట్టు ఊడింది, గోళ్లు పాడయ్యాయి. సుమారు 50 రోజులకు మందు ఆపేశారు. మార్చి ఇవ్వడానికి చేతిలో మరొకటి లేదు. మిగిలిన సీసాలు ఇంకో ఇద్దరు రోగులకు ఇస్తే వాళ్లు కోలుకున్నారు!

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా క్షయ అని తేలితే పరిస్థితి వేరు. మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు. ఒకటి పడకపోతే మార్చుకునే వీలుంది. కాకపోతే పడలేదన్న సంగతి ముందుగా కనిపెట్టాల్సింది పక్కనుండే మీరే.

రిఫాంపిసిన్ వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వస్తుంది. చాలామంది హడలిపోతారు గానీ అది ప్రమాదం కాదు. అదే మూత్రం టీ డికాక్షన్‌లా ముదురుగా మారి, కళ్లు పచ్చబడి, వాంతులవుతూ, అన్నం చూస్తేనే వెగటు పుడుతుంటే కాలేయం దెబ్బతింటోందని అనుమానించాలి. తర్వాతి మాత్ర వేయకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. మందు తాగే అలవాటున్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఐసోనియాజిడ్‌తో అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు రావొచ్చు. బి6 మాత్ర ఇస్తే తగ్గుతాయి. ఇథాంబుటాల్ వాడేవారికి చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఆలస్యం చేయొద్దు. పైరజినమైడ్ కీళ్లనొప్పులు తెస్తుంది. స్ట్రెప్టోమైసిన్ ఇస్తుంటే చెవిలో హోరు, నడకలో తూలు గమనించండి. రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. ఈ మాట చెప్పడానికి మనవాళ్లు మొహమాటపడతారు, డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు, అంటే ఆర్వెల్‌కు వచ్చినలాంటివే కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తగ్గాక మళ్లీ ఏది, ఎంత మోతాదులో మొదలుపెట్టాలో వాళ్లే ఒక్కొక్కటిగా చూసి చెబుతారు. దురద తగ్గింది కదా అని ఇంట్లో ఉన్న మాత్రలు మీరే వేయడం మొదలుపెట్టొద్దు.

1948 జులైలో ఆర్వెల్ ఇంటికి చేరాడు. విశ్రాంతి తీసుకోలేదు. జురాకు టైపిస్టు ఎవరూ రాకపోవడంతో నవల మొత్తం మంచం మీదే కూర్చుని తానే టైపు చేశాడు. మళ్లీ జబ్బు తిరగబెట్టింది. 1949లో శానిటోరియంలో స్ట్రెప్టోమైసిన్ మరోసారి ప్రయత్నిస్తే మొదటి మోతాదుకే ఒళ్లు తట్టుకోలేకపోయింది. ఐసోనియాజిడ్ రోగులకు అందింది 1952లో!

స్విట్జర్లాండ్ తీసుకెళ్లడానికి విమానం సిద్ధం చేశారు. లండన్ ఆసుపత్రి గదిలో ఓ మూల, అక్కడ చేపలు పట్టుకోవచ్చని ఆయన తెప్పించుకున్న గేలాలు ఉన్నాయి. ప్రయాణానికి కొద్ది రోజుల ముందు, 1950 జనవరి 21న, ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై ఆర్వెల్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 46.